గోల్డ్‌ఫిష్‌కు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇంట్లో చేయవలసిన పనులు

గోల్డ్‌ఫిష్ నీటి పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నా, తొట్టి అడుగున ఒక పక్కకు ఒరిగి పడి ఉన్నా, నీళ్లు మార్చిన కొద్ది నిమిషాలకే అద్దాలకు కొట్టుకుంటూ అటూ ఇటూ దూసుకుపోతున్నా, అది రేపు చూద్దామని వదిలేసే విషయం కాదు. అటువంటప్పుడు చాలామంది అక్వేరియం షాపుకు పరుగెత్తి, అక్కడ ఇచ్చిన నీలం మందో పసుపు మందో తెచ్చి తొట్టిలో పోస్తారు. ఆ ఆత్రుత అర్థం చేసుకోదగినదే గాని, ఇంట్లో పెరిగే గోల్డ్‌ఫిష్‌కు ఉన్నట్టుండి వచ్చే ఆపదల్లో ఎక్కువ భాగం రోగం వల్ల కాక నీటి వల్ల వస్తాయి. నీటిని సరిచేయకుండా మందు వేస్తే, ఊపిరి అందని ప్రాణిపై మరో భారం మోపినట్టే అవుతుంది. అందుచేత ఈ వ్యాసంలో చెప్పే పనులన్నింటిలోనూ నీటిదే మొదటి స్థానం. మందులు అవసరమైన చోట మాత్రమే వస్తాయి.

మొదటి పావుగంటలో

ముందుగా గాలి అందించండి. ఎయిర్ పంపు ఉంటే పూర్తి వేగంతో నడపండి. ఫిల్టర్ నుంచి నీళ్లు తొట్టిలోకి పడే ఏర్పాటు ఉంటే, తొట్టిలో నీటి మట్టాన్ని రెండు అంగుళాలు తగ్గించండి. నీళ్లు కాస్త ఎత్తునుంచి పడి ఉపరితలం బాగా కదులుతుంది. నీటిలోకి ఆక్సిజన్ ప్రధానంగా చేరేది ఈ కదిలే ఉపరితలం గుండానే కనుక, బుడగలు ఎన్ని వస్తున్నాయన్నదాని కంటే పైనున్న నీరు ఎంత కదులుతున్నదన్నది ముఖ్యం. పంపు లేకపోతే మగ్గుతో తొట్టిలోని నీళ్లనే ముంచి, అరడుగు ఎత్తు నుంచి తిరిగి తొట్టిలోనే పోస్తూ ఉండండి. చేప మీద మాత్రం పోయకండి. తొట్టికి గాజు మూత ఉంటే తీసివేయండి.

తరువాత తిండి ఆపేయండి. ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న గోల్డ్‌ఫిష్ వారం రోజులు తిండి లేకుండా ఉండగలదు. కాబట్టి నీరసంగా ఉందని గింజలు వేయడం దయ అనిపించుకోదు. తినని గింజలు కుళ్లి నీటిని ఇంకా పాడుచేస్తాయి.

ఆ పని జరుగుతుండగానే, గడిచిన రెండు రోజుల్లో ఏం మారిందో ఇంట్లో అందరినీ అడగండి. నీళ్లు మార్చారా, మార్చితే ఆ నీళ్లు మంజీరా కుళాయివా, బోరువా, ట్యాంకర్‌వా, అపార్ట్‌మెంటులో సంపు కడిగారా, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి శుభ్రంగా ఉతికారా, కొత్త చేపను తెచ్చి కలిపారా, రాత్రి కరెంటు ఎంతసేపు పోయింది, ఇంట్లో బొద్దింకల మందు కొట్టించారా, చిన్న పిల్లలెవరైనా తొట్టిలో ఏదైనా వేశారా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబుల్లోనే తరచుగా కారణం దొరుకుతుంది. పని మనిషినీ వాచ్‌మన్‌నూ కూడా అడగడం మరువకండి; సంపులో బ్లీచింగ్ పౌడర్ కలిపిన సంగతి మీకన్నా ముందు వాచ్‌మన్‌కే తెలుస్తుంది.

తొట్టి లైటు ఆర్పేయండి. చేపను చేతితో పట్టుకుని పైకి తీసి చూడకండి. ఇంకొక మాట: బాగా లేని చేపను విడిగా ఉంచాలన్న ఆలోచనతో దాన్ని చిన్న గాజు గిన్నెలోకి మార్చడం మన ఇళ్లలో తరచుగా చూస్తాం. రెండు మూడు లీటర్ల నీటిలో, గాలి పంపు లేకుండా, గోల్డ్‌ఫిష్ విసర్జించే అమ్మోనియా కొద్ది గంటల్లోనే హానికర స్థాయికి చేరవచ్చు. విడిగా పెట్టక తప్పకపోతే కనీసం 20 లీటర్ల బకెట్టో టబ్బో తీసుకుని, ఎప్పుడూ సబ్బు తగలనిదాన్నే ఎంచుకుని, తొట్టి నీళ్లే నింపి, ఎయిర్ స్టోన్ (పంపు గొట్టం చివర బుడగలు వదిలే రాయి) వేసి ఉంచండి. తొట్టి నీళ్లే చెడిపోయాయని తేలితే మాత్రం, క్లోరిన్ తీసి అదే వేడికి తెచ్చిన మంచి నీళ్లు వాడాలి.

నీటి పరీక్ష, నీటి మార్పిడి

చుక్కల మందుతో చేసే పరీక్ష కిట్టు ఇంట్లో ఉంటే అమ్మోనియా, దాని నుంచి సూక్ష్మజీవులు తయారుచేసే నైట్రైట్, నీటి ఆమ్ల క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ మూడూ చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రైట్ మారగా వచ్చే నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. కిట్టు లేకపోతే కొనే దాకా ఆగవలసిన పని లేదు. కారణం తెలియని ఆపదలో, తొట్టిని మామూలుగా వారం వారం శుభ్రం చేసే అలవాటు ఉన్నట్లయితే, సగం నీటిని మార్చడం దాదాపు ఎప్పుడూ మేలే చేస్తుంది.

అయితే ఇక్కడ ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. నెలల తరబడి నీళ్లు మార్చకుండా, ఆవిరైన మేరకు మాత్రమే పోస్తూ వచ్చిన తొట్టిలో పీహెచ్ క్రమంగా పడిపోతుంది. ఆమ్ల గుణం ఉన్న ఆ నీటిలో అమ్మోనియా చాలా వరకు అంతగా హాని చేయని అమ్మోనియం రూపంలో ఉంటుంది. అందులోకి ఒక్కసారిగా పీహెచ్ 8 దగ్గరగా ఉండే బోరు నీళ్లు సగం పోస్తే, ఆ అమ్మోనియంలో కొంత విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది; పీహెచ్ ఒక్క అంకె పెరిగితే ఆ విషం దాదాపు పది రెట్లవుతుంది. నీళ్లు మార్చగానే చేప చనిపోయిందని బాధపడేవారిలో కొందరి విషయంలో జరిగేది ఇదే. కాబట్టి చాలాకాలంగా పట్టించుకోని తొట్టి అయితే, పదో వంతు చొప్పున, కొన్ని గంటల విరామంతో, రెండు మూడు రోజుల పాటు మార్చుకుంటూ రండి.

కొత్త నీళ్లు పోయడానికి ముందు రెండు విషయాలు సరిచూడాలి. వాటి వేడి తొట్టి నీటి వేడికి రెండు డిగ్రీల లోపు తేడాతో ఉండాలి. వేసవి మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేతికి వేడిగా తగులుతాయన్నది మనందరికీ తెలిసిందే. రెండోది క్లోరిన్. మన హైదరాబాదుకు సింగూరు, మంజీరా, కృష్ణా, గోదావరి, జంట జలాశయాల నుంచి నీటి సరఫరా సంస్థ అయిన జలమండలి ద్వారా వచ్చే నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేస్తారు. మనుషులకు రక్షణనిచ్చే ఆ క్లోరినే చేప మొప్పలను కాలుస్తుంది. అక్వేరియం షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వాడితే నిమిషాల్లో విరిగిపోతుంది. చుక్కలు లేకపోతే బకెట్టులో నీళ్లు పట్టి, ఎయిర్ స్టోన్ వేసి ఒక రోజంతా ఉంచాలి. బోరు నీటిలో సాధారణంగా క్లోరిన్ ఉండదు గాని, భూమి లోపలినుంచి అప్పుడే తోడిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉండవచ్చు. దాన్ని కూడా కొన్ని గంటలు గాలి ఆడనిచ్చిన తరువాతే వాడండి.

తొట్టిలో నీరు ఎంత ఉన్నదో తెలియకుండా ఏ మందూ, ఉప్పు సహా, వేయకూడదు. పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ గుణించి, 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో అంచుదాకా నింపితే 56 లీటర్లు పడతాయి. రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసివేస్తే 45 లీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఈ లెక్కను ఒక కాగితం మీద రాసి తొట్టి పక్కన అంటించి పెట్టుకుంటే, కంగారులో గుణకారాలు చేయవలసిన అవసరం రాదు.

కారణాన్ని బట్టి

సంపు కడిగిన మరునాడు వచ్చే ఆపదను విడిగా చెప్పాలి, ఎందుకంటే అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి ఇది తెలియకుండా వచ్చిపడుతుంది. సంపు కడిగిన తరువాత బ్లీచింగ్ పౌడర్ కాస్త ఎక్కువగానే వేస్తారు. ఆ నీటిలో క్లోరిన్ మామూలు కుళాయి నీటిలో కన్నా ఎంతో ఎక్కువ కనుక, మీరు ఎప్పుడూ వేసే చుక్కలు చాలవు. నీళ్లు మార్చిన కొన్ని నిమిషాల్లోనే చేపలు దూసుకుపోవడం, తరువాత పైకి తేలి ఎగశ్వాస పెట్టడం, మొప్పల మీద జిగురు పేరుకోవడం, రెక్కల అంచులు తెల్లబడడం కనిపిస్తే, వెంటనే యాంటీ క్లోరిన్‌ను సీసా మీద రాసిన మోతాదుకు రెట్టింపు వేయండి. అది దొరికేలోగా ఇంట్లో పట్టి నిలవ ఉంచిన పాత నీళ్లు గానీ, గాలి ఆడనిచ్చిన బోరు నీళ్లు గానీ ఉంటే చేపలను అందులోకి మార్చి గాలి పెట్టండి. కాలిన మొప్పలు కోలుకోవడానికి రోజులు పడుతుంది. ఆ రోజుల్లో గాలి పంపు ఒక్క గంట కూడా ఆగకూడదు.

అమ్మోనియా ఎక్కువైనప్పుడు మొప్పలు ఎర్రగా మంటపుట్టినట్టు కనిపిస్తాయి, చేప అడుగున కదలక ఉంటుంది, రెక్కలను ఒంటికి దగ్గరగా ముడుచుకుంటుంది. కొత్త తొట్టి పెట్టిన మొదటి నెలా నెలన్నరలో ఇది ఎక్కువగా జరుగుతుంది, ఎందుకంటే అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో స్థిరపడడానికి అంత సమయం కావాలి. పాత తొట్టిలోనైనా స్పాంజిని క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో ఉతికితే ఆ సూక్ష్మజీవులు చచ్చి, తొట్టి మళ్లీ మొదటికి వస్తుంది. ప్రతిరోజూ మూడో వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి, తిండి రెండు రోజులు పూర్తిగా ఆపండి, స్నేహితుల ఇంట్లో బాగా నడుస్తున్న, రోగాలు లేని తొట్టి ఉంటే అక్కడి ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి. ఇది డబ్బు ఖర్చు లేని పని, నా దృష్టిలో అన్నింటికంటే విలువైన సహాయం కూడా ఇదే. కోలుకుంటున్న చేప ఒంటి మీద, ముఖ్యంగా రెక్కల అంచుల్లో, వారం పది రోజుల తరువాత నల్లని మచ్చలు కనిపించవచ్చు. వాటిని చూసి కొత్త రోగమని భయపడి మందులు వేయకండి. కాలిన చోట మానుతున్నప్పుడు గోల్డ్‌ఫిష్ చర్మం అలా నల్లబడుతుంది, నీరు బాగుంటే వాటంతటవే పోతాయి.

గాలి బాగా ఆడుతున్నా చేప ఎగశ్వాస పెడుతూ, మొప్పలు ఎరుపు తగ్గి గోధుమ రంగుకు తిరిగి ఉంటే, నైట్రైట్‌ను అనుమానించండి. అది రక్తంలో చేరి ఆక్సిజన్‌ను మోసే శక్తిని తీసివేస్తుంది. దీనికి నిజంగా పనిచేసే విరుగుడు ఉప్పు: లీటరుకు ఒక గ్రాము చొప్పున, అంటే 45 లీటర్ల తొట్టికి 45 గ్రాములు వేస్తే, ఉప్పులోని క్లోరైడ్ మొప్పల ద్వారా నైట్రైట్ లోపలికి వెళ్లకుండా అడ్డుకుంటుంది. కిరాణా దుకాణంలో దొరికే దొడ్డు ఉప్పు, ఏమీ కలపనిది, సరిపోతుంది. దాన్ని విడిగా ఒక మగ్గులో పూర్తిగా కరిగించి, రెండు మూడు విడతలుగా, గంటన్నర వ్యవధిలో పోయండి. ఉప్పు ఆవిరి కాదు; కాబట్టి తరువాత నీళ్లు మార్చినప్పుడు, తీసివేసిన నీటికి సరిపడా మాత్రమే తిరిగి వేయాలి.

వేసవి ఎండ హైదరాబాదులో గోల్డ్‌ఫిష్‌కు అన్నిటికంటే పెద్ద పరీక్ష. ఇది చల్లని నీటి చేప. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్న రోజుల్లో, బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, పడమటి కిటికీ పక్కనున్న తొట్టిలో నీరు 32 డిగ్రీలకు చేరడం అసాధారణం కాదు. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలిగితే, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు తగ్గుతుంది. అదే సమయంలో వేడెక్కిన చేప శరీరానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అంటే అవసరం పెరిగే వేళకే సరఫరా తగ్గుతుంది. నీటి ఉపరితలం మీదుగా టేబుల్ ఫ్యాను గాలి తగిలేటట్టు పెట్టండి. ఆవిరయ్యే కొద్దీ నీరు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. అది చాలకపోతే ప్లాస్టిక్ సీసాలో నీళ్లు గడ్డకట్టించి, మూత బిగించి, తొట్టిలో తేలనివ్వండి. ఐసు ముక్కలను నేరుగా వేయకండి. గంటకు ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గకూడదు కనుక, థర్మామీటర్ చూస్తూ సీసాను తీస్తూ పెడుతూ ఉండాలి. ఆ నెలల్లో తిండిని సగానికి తగ్గించండి. దీనికి భిన్నంగా, డిసెంబరు జనవరి చలికి భయపడి హీటర్ కొనవలసిన అవసరం గోల్డ్‌ఫిష్‌కు లేదు.

ఈదురుగాలులతో వాన వచ్చి కరెంటు పోయినప్పుడు గంటో రెండు గంటలో అయితే, చేపలు తక్కువగా ఉన్న పెద్ద తొట్టికి ప్రమాదం లేదు. ఇరుకైన తొట్టికి మాత్రం బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉండి తీరాలి. ఎయిర్ పంపు కొద్ది వాట్లు మాత్రమే తీసుకుంటుంది కనుక, ఇన్వర్టర్ ఉన్నవారు ఫ్యాను, లైటులతో పాటు దాని ప్లగ్గునూ ఆ లైనుకే కలిపించుకోవచ్చు. మూసి ఉండే డబ్బా ఫిల్టర్ నాలుగైదు గంటలు ఆగిపోయి ఉంటే, కరెంటు రాగానే అలాగే నడపకండి. లోపల ఆక్సిజన్ అయిపోయి కుళ్లిన నీరంతా తొట్టిలోకి వస్తుంది. విప్పి, లోపలి నీరు పారబోసి, స్పాంజిని తొట్టి నీటితోనే కడిగి అమర్చండి.

వానాకాలంలో దోమల కోసం వీధిలో పొగ కొడుతున్న శబ్దం వినగానే కిటికీలు మూసి, ఎయిర్ పంపును ఆపి, తొట్టిపై తడి గుడ్డ కప్పండి. దోమలకు, బొద్దింకలకు వాడే మందుల్లో చాలావాటిలో ఉండే పైరెత్రాయిడ్ రసాయనాలు చేపలకు అతి కొద్ది మోతాదులోనే విషం, ఎయిర్ పంపు గదిలోని గాలినే పీల్చి నీటిలోకి పంపుతుంది. పొగ పూర్తిగా పోయాక, అరగంటలోగా గుడ్డ తీసి పంపు నడపండి. ఇంట్లో పెస్ట్ కంట్రోల్ చేయించే రోజున తొట్టి ఉన్న గదిని వదిలిపెట్టమని ముందే చెప్పండి. విషం చేరిందని అనుమానం వస్తే సగం నీళ్లు వెంటనే, మిగిలిన వాటిలో సగం కొద్ది గంటల తరువాత మార్చి, ఫిల్టర్‌లో విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టండి.

చేప ఒంటికే ఏదైనా జరిగినప్పుడు

గోల్డ్‌ఫిష్ అడుగున ఉన్న గులకరాళ్లను నోట్లోకి తీసుకుని ఉమ్ముతూ ఉండడం దాని సహజ అలవాటు. సరిగ్గా నోటి వెడల్పుకు సరిపోయే రాయి ఉంటే ఇరుక్కుపోతుంది. చేప నోరు మూయలేక, తల ఊపుతూ, తిండి దగ్గరికి వచ్చి కూడా తినకుండా వెళ్లిపోతుంది. ఒకటి రెండు గంటలు చూడండి. చాలాసార్లు తానే ఉమ్మేస్తుంది. అప్పటికీ రాకపోతే చేతులను తొట్టి నీటితో బాగా తడుపుకోండి. పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోతుంది. ఎడమ చేతిలో చేపను నీటిలోనే మృదువుగా పట్టుకుని, కళ్లు ఉన్న తలభాగాన్ని కిందికి వంచి, నీటికి కొద్దిగా పైకి తీసి, కుడి బొటనవేలితో గొంతు కింది మెత్తని భాగాన్ని వెనుకనుంచి ముందుకు నెమ్మదిగా నొక్కండి. రాయి వేలికి గట్టిగా తగులుతుంది, ఒకటి రెండు నొక్కులకే నోటి అంచుకు జరిగి కనిపిస్తుంది, తరువాత జారి పడుతుంది. అర నిమిషంలో రాకపోతే చేపను నీటిలోకి వదిలి, పది నిమిషాలు ఊపిరి పీల్చుకోనిచ్చి మళ్లీ ప్రయత్నించండి. మొన చదునుగా ఉన్న చిన్న పట్టకారును వాడవచ్చు గాని, లోపలికి తోయకండి. ఆ తరువాత తొట్టిలోని రాళ్లన్నీ తీసివేసి, సన్నని ఇసుక గానీ, చేప నోటికంటే బాగా పెద్ద గుండ్రాళ్లు గానీ వేయండి.

తొట్టినుంచి ఎగిరి నేల మీద పడిన చేప, ఒళ్లు కాస్త ఎండినట్టు కనిపించినా, కదలకపోయినా, చనిపోయిందని అప్పుడే నిర్ణయించకండి. గోల్డ్‌ఫిష్ తక్కువ ఆక్సిజన్‌ను ఓర్చుకునే శక్తి ఉన్న చేప. తడి చేతులతో ఎత్తి, అంటిన దుమ్మును తొట్టి నీటితో కడిగి, ఎయిర్ స్టోన్ బుడగలకు ఎదురుగా నోరు ఉండేటట్టు నిటారుగా పట్టుకోండి. మొప్పలు కదలడం మొదలయ్యాక వదిలివేసి, లీటరుకు ఒక గ్రాము ఉప్పు వేసి, లైటు ఆర్పి, రెండు రోజులు ప్రశాంతంగా ఉంచండి.

ఒరాండా, ర్యుకిన్, రాంచూ, బ్లాక్ మూర్ వంటి గుండ్రని పొట్ట ఉన్న రకాలు తలకిందులుగా తేలడం లేదా వెల్లకిలా పడడం ఎక్కువగా చూస్తాం. చేప చురుగ్గా ఉండి, తేలడం ఒక్కటే సమస్య అయితే కంగారు పడనక్కరలేదు. ముందు నీటి పరీక్ష చేయండి. తరువాత రెండు మూడు రోజులు తిండి ఆపి, నాలుగో రోజున ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీని చిన్న ముక్కలు చేసి ఇవ్వండి. పైన తేలే గింజలకు బదులు, తొట్టి నీటిలో నానబెట్టి మునిగే గింజలు వేస్తే, తింటూ గాలి మింగడం తగ్గుతుంది. తేలే చేప వీపు నీటికి పైన ఉండి ఎండిపోతుంటే నీటి మట్టాన్ని మార్చడం వల్ల ప్రయోజనం ఉండదు. దాన్ని ఒక మెత్తని వలలో నీటి లోపల ఉండేటట్టు కొన్ని గంటల చొప్పున ఉంచండి. పుట్టుకతోనే శరీర నిర్మాణం వంకరగా ఉన్న చేపల్లో ఇది పూర్తిగా పోకపోవచ్చు.

పై నుంచి చూసినప్పుడు పొట్ట ఉబ్బి, పొలుసులన్నీ సీతాఫలం పైతొక్కలా లేచి నిలబడితే అది లోపల నీరు చేరిన స్థితి. మూత్రపిండాలు పనిచేయడం మానేసినప్పుడు, లోపల బాక్టీరియా వ్యాపించినప్పుడు ఇలా అవుతుంది. నిజం చెప్పాలంటే ఈ దశకు చేరిన చేపల్లో బతికేవి తక్కువ. అయినా మొదటి రోజునే గుర్తిస్తే ప్రయత్నించడం న్యాయం: విడి తొట్టిలో, శుభ్రమైన నీటిలో, మందుల షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్‌ను లీటరుకు ఒక గ్రాము చొప్పున కరిగించి ఉంచి, పశువైద్యుని సలహాతో బాక్టీరియా మందు ఇప్పించాలి. మామూలు ఉప్పు ఈ స్థితిలో వేయకండి. టెట్రాసైక్లిన్ మాత్రలను పొడి చేసి తొట్టిలో కలపడం నగరంలో విస్తృతంగా ఉన్న అలవాటు. మన బోరు నీటిలో ఎక్కువగా ఉండే కాల్షియం, మెగ్నీషియం ఆ మందును పట్టుకుని చాలా వరకు పనికిరాకుండా చేస్తాయి. నీరు రంగు మారుతుంది, ఫిల్టర్‌లోని మేలు చేసే సూక్ష్మజీవులు దెబ్బతినవచ్చు, చేపకు మాత్రం దక్కేది బహు తక్కువ.

ఒంటి మీద, రెక్కల మీద ఒక మిల్లీమీటరు లోపు తెల్లని చుక్కలు రోజురోజుకూ పెరుగుతూ, చేప రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంటే అది తెల్లచుక్కల పరాన్నజీవి. అయితే మొప్పల మూతల మీద, ముందు రెక్కల ముందు అంచున మాత్రమే వరుసగా చుక్కలు ఉంటే, అది జతకు సిద్ధమైన మగ చేప లక్షణం. దానికి ఏ చికిత్సా వద్దు. పరాన్నజీవి అయితే ఉప్పును లీటరుకు మూడు గ్రాములకు తీసుకురండి, ఒక్కసారిగా కాక పన్నెండు గంటలకు ఒక గ్రాము చొప్పున. మొక్కలు, నత్తలు ఉంటే ముందే తీసివేయండి. చేప చర్మం కింద ఉన్నప్పుడు ఆ జీవి మీద ఏ మందూ పనిచేయదు. అది నీటిలో ఈదే కొద్ది గంటల్లో మాత్రమే మందుకు చస్తుంది. అందువల్ల చుక్కలు కనబడకుండా పోయాక కూడా, మొత్తం రెండు వారాలు ఉప్పు కొనసాగించాలి. నాలుగో రోజున చుక్కలు రాలిపోయాయని ఆపినవారి తొట్టిలో మళ్లీ, మొదటికంటే ఎక్కువగా వస్తాయి.

దారప్పోగులా వేలాడే లంగరు పురుగునూ, అర సెంటీమీటరు వెడల్పున చదునుగా అంటుకుని కదిలే చేప పేనునూ కంటితోనే చూడవచ్చు. పురుగును తడి గుడ్డలో పట్టిన చేప నుంచి, చర్మానికి దగ్గరగా పట్టకారుతో పట్టి నెమ్మదిగా లాగి, ఆ గాయం మీద దూదితో పోవిడోన్ అయోడిన్ ఒక్క చుక్క అద్దండి. మొప్పలకు, కంటికి తగలనివ్వకండి. వీటి గుడ్లు, పిల్లలు నీటిలో ఉంటాయి కనుక పరాన్నజీవుల మందు కూడా కావలసి వస్తుంది. దాన్ని షాపు మాట మీద కాక, వైద్యునికి ఫొటో చూపి నిర్ణయించండి.

వైద్యుని దగ్గరికి

కుక్కలకు, పిల్లులకు ఉన్నంతగా చేపలను చూసే వైద్యులు నగరంలో లేరు. నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాలకు గానీ, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాలకు గానీ వెళ్లే ముందు ఫోను చేసి, ఆ రోజు చేపలను చూడగలవారు ఉన్నారా అని అడిగి బయలుదేరండి. చేప ఊపిరి, ఈత కనిపించే ఒక నిమిషం వీడియో, పై నుంచి ఒక ఫొటో, పక్కనుంచి ఒక ఫొటో, శుభ్రమైన సీసాలో అర లీటరు తొట్టి నీళ్లు, ఇంతవరకు వేసిన మందుల పేర్లు, మోతాదులు తీసుకువెళ్లండి. చేపను తీసుకువెళ్లవలసి వస్తే సంచిలో మూడో వంతు నీళ్లు, మిగిలినదంతా గాలి ఉంచి, ఎండ తగలకుండా థర్మాకోల్ డబ్బాలో పెట్టండి. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో కారు బయట నిలిపి దిగిపోతే లోపలి వేడికే చేప పోతుంది. దారిలోనే చనిపోతే, ఐసుపై చల్లగా ఉంచి, గడ్డకట్టనివ్వకుండా, కొద్ది గంటల్లో చేర్చండి. గడ్డకట్టిన శరీరంలో కారణం వెతకడం కష్టమవుతుంది.

ఇక కోలుకునే అవకాశం లేదని, బాధ మాత్రమే మిగిలిందని స్పష్టమైనప్పుడు, చేపను నీటి బయట వదిలేయడం, ఫ్రీజర్‌లో పెట్టడం, మరుగుదొడ్డిలో వేయడం క్రూరమైన పనులు. లవంగ నూనెను గోరువెచ్చని నీళ్లు కొద్దిగా ఉన్న చిన్న సీసాలో పోసి తెల్లగా కలిసేదాకా కుదిపి, విడి పాత్రలో తొట్టి నీటికి లీటరుకు 0.4 మిల్లీలీటర్ల చొప్పున నెమ్మదిగా కలిపితే, చేప మొదట మత్తులోకి, తరువాత నొప్పి లేకుండా మరణంలోకి జారుతుంది. మొప్పల కదలిక పూర్తిగా ఆగిన తరువాత కూడా అరగంట అందులోనే ఉంచాలి. వైద్యుడు అందుబాటులో ఉంటే ఈ నిర్ణయం ఆయనతో మాట్లాడి తీసుకోవడం మేలు. చనిపోయిన చేపను మట్టిలో లోతుగా పూడ్చండి. పెంచలేకపోతున్నామని బతికున్న గోల్డ్‌ఫిష్‌ను హుసేన్‌సాగర్‌లోనో దగ్గరి చెరువులోనో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. అది అక్కడి సహజమైన చేపల తిండిని, గుడ్లను తిని, తనతో తెచ్చిన రోగాలను వాటికి అంటిస్తుంది.

మిగిలిన చేపలు పైకి బాగానే కనిపించినా వారం రోజులు ప్రతి ఉదయం అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి, వలను, పట్టకారును ఉప్పు నీటిలో నానబెట్టి ఎండలో పూర్తిగా ఆరనిచ్చాకే మళ్లీ వాడండి. తొట్టి వెలితిగా ఉందని వెంటనే కొత్త చేపను తేకండి. నెల గడిచాక తెచ్చినా, దాన్ని మూడు నాలుగు వారాలు విడి టబ్బులో, విడి వలతో ఉంచి చూసిన తరువాతే పాతవాటితో కలపండి.